బొట్టు పెట్టిన పాకిట్

ఆర్మూర్,
25 ఆగస్టు 2025, సోమవారం.

గంగాదాస్ గారికి,

వేల్పూర్ నుంచి మోర్తాడ్ దాకా పసుపు చేలు కుళ్ళుతున్నాయి. దుంపకుళ్ళు రాకుండా ఆపుతుందని చెప్పి, జూన్ నెలలో విత్తనపు కొమ్ములు ముంచడానికి రైతుల చేతిలో పెట్టిన మందు పనిచేయలేదు. ఆ మందు అమ్మిన మనిషి మీరు. వాన మీదికి, దేవుని మీదికి, తలరాత మీదికి నేను నెట్టను. ఈ తప్పుకు పేరుంది. చేసిన మనిషికీ పేరుంది.

మీరు మా అమ్మకు తమ్ముడు. పదో తరగతి నుంచి నన్ను మీ షాపులో పక్కన నిలబెట్టుకుని మందు సీసాల మీది సన్నక్షరాలు చదవడం నేర్పింది మీరే. ఆ సన్నక్షరాలు చదివే అలవాటే నన్ను కరపత్రాల దాకా తెచ్చింది. అందుకే మీ తప్పు నాకు అందరికంటే ముందు కనబడింది.

నిన్న భోజన్న చేనుకు పోయాను. ఆకులు అంచుల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. మొక్కను పట్టి గుంజితే నేల పట్టుకోలేదు, ఊడి చేతిలోకి వచ్చింది. దుంపను నొక్కితే నీళ్ళు కారాయి. ఒడ్డు అవతల గంగన్న చేను పచ్చగా నిలబడి ఉంది. అదే వాన, అదే నేల, అదే విత్తనం. ఆయన మాత్రం మందు ఇంకో షాపులో కొన్నాడు.

భోజన్న నన్ను తిట్టలేదు. “మీ మామ ఏడున్నడు బిడ్డా? జరొచ్చి సూస్తే మంచిగుండు” అన్నాడు. ఏం చెప్పాలి? ఆ మందు పెట్టెలు అందరికన్నా ఎక్కువ అమ్మినందుకు కంపెనీ మా మామను ఓడ ఎక్కించి మంచు దీవులు చూపించడానికి తీసుకపోయిందని చెప్పాలా? చెప్పాను. ఆయన “మంచిదే” అని ఒడ్డు మీద కూర్చున్నాడు.

ఫోన్ చేస్తే నేను అరుస్తాను, మీరు పెట్టేస్తారు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. జవాబు కూడా కాగితం మీదనే కావాలి.

రైతుల పక్షాన,
మనీష్


లాంగ్‌ఇయర్‌బిన్ ఓడరేవు,
26 ఆగస్టు.

చిరంజీవి మనీష్‌కు మామ దీవెనలు.

క్షేమంగా చేరిన. ఫోన్‌లో టైపు చేసుడు నాతోని కాదు. గదిలో బల్ల మీద మంచి కాగితాలు పెట్టిండ్రు. రాసి, ఫోటో తీసి పంపుతున్న. ఇది వైఫై దొరకంగనే పోతుందని పక్క గది రాజ్‌కోట్ డీలరు అంటున్నడు.

ఉత్తర ధ్రువం దిక్కు ఈ ఊరి తర్వాత ఇంక ఊర్లు లేవట. చెట్టు అన్నది లేదు. కొండలు మన సిద్ధులగుట్ట తీరు రాళ్ళు రాళ్ళుగా ఉన్నయ్ గని, వాటి మీద ఒక్క కోతి లేదు, ఒక్క జెండా లేదు. ఓడ పెద్దదేం కాదు, నూరు మంది పడుతరు. మేం డీలర్లం పదిహేను మందిమి. మిగిలినోళ్ళంత తెల్లోళ్ళు, వయసు మళ్ళినోళ్ళు. తెలుగు మాట్లాడేది నేనొక్కణ్ణే. ఏ ఊరని అడిగితే ఆర్మూర్ అంటున్న. నోరెళ్ళబెడుతున్నరు. “పసుపు, పసుపు” అని అరచెయ్యి రుద్ది చూపెట్టిన ఒక ముసలమ్మకు. ఆమె నాకు చేతులు కడుక్కునే జాగ చూపెట్టింది.

గదిలో రెండు పడకలున్నయ్. రెండు నీలం జాకెట్లు ఇచ్చిండ్రు, రెండు జతల బూట్లు. ఫోటో పెట్టిన, చూడు. తిండి ఉప్పులేదు కారంలేదు. అక్క ఇచ్చిన మామిడి తొక్కు సీసా పగలకుండ వచ్చింది, దాని పుణ్యాన ముద్ద దిగుతున్నది.

రేపు వినాయక చవితి. ఇరవై రెండేండ్లల్ల షాపుల పూజకు నేను లేకపోవుడు ఇదే మొదటిసారి. అక్కకు యాది చెయ్యి. మన పద్ధతి నీకు తెలుసు గద. సరుకు కొత్తగ దిగినప్పుడు మొదటి పాకిట్‌కు బొట్టు పెట్టి దేవుని అరలో పెడుతం, దాన్ని అమ్మం. ఆ పాకిట్లను కూడ వినాయకుని ముందు పెట్టాలె. పండుగైనంక మళ్ళ అరలకు.

చేలు ఎట్లున్నయ్? భోజన్న కనవడితే అడిగిన్నని చెప్పు.

మీ మామ,
గంగాదాస్


ఆర్మూర్,
28 ఆగస్టు.

గంగాదాస్ గారికి,

నేను కుళ్ళు గురించి రాస్తే మీరు మంచు గురించి రాశారు. “చేలు ఎట్లున్నయ్” అట! చదివి కూడా చదవనట్టు నటించడం కంపెనీ వాళ్ళ దగ్గర ఎప్పుడు నేర్చుకున్నారు?

ఫోటో చూశాను. రెండో జాకెట్ మీద ఇంగ్లీషులో శోభారాణి అని కుట్టి ఉంది. అత్తమ్మ పోయి ఏడాదిన్నర. చనిపోయిన మనిషి పేరు మీద ఎవరిని వెంట తీసుకపోయారు? అమ్మకు ఆ ఫోటో చూపించలేదు. ఎట్లా చూపిస్తాను?

ఇక్కడి సంగతి వినండి. నిన్న పండుగ పూట కంపెనీ మనుషులు ఇద్దరు ట్రాలీ ఆటోలో వచ్చారు. ఆ మందు మిగిలి ఉంటే వాపసు తీసుకుంటామన్నారు. తాళం నా దగ్గరే ఉంది కదా. షట్టర్ తెరిచి మిగిలిన రెండు పెట్టెలూ నా భుజాల మీద మోసి ఎక్కించాను. ఇక ఆ విషం ఒక్క చిటికెడు కూడా ఏ రైతు చేతికీ పోదు. “శభాష్ తమ్మీ, నీ అసొంటోడు ఊరికొక్కడు ఉండాలె” అని వాళ్ళే అన్నారు. మీరు చేయాల్సిన పని నేను చేశాను.

షట్టర్ మీద కరపత్రం అంటించాను. మొదటి వాక్యం ఇది: “చెడ్డ మందు అమ్మి పసుపు రైతును ముంచినవాడు ఈ షాపు యజమాని గంగాదాస్.” వచ్చే తొమ్మిదో తారీఖు మంగళవారం పొద్దున పది గంటలకు మార్కెట్ యార్డు గేటు ముందర రైతులంతా కూడాలని కింద రాశాను. మీరు విమానం దిగేది కూడా ఆ రోజే అట కదా. ఊరంతా కలిసి స్వాగతం చెప్తాం.

అమ్మ ఆ కరపత్రం చూసి షాపులో వినాయకుణ్ణి పెట్టనన్నది. “తిట్టు రాసిన తలుపు ఎనక దేవుణ్ణి ఎట్ల కూసోవెడుతర్రా” అని, దేవుని అరలో ఉన్నవన్నీ గంపలో వేసుకుని ఇంటికి తెచ్చింది. అత్తమ్మ ఫోటో, గంట, మీరు బొట్లు పెట్టి దాచిన పాకిట్లు, అన్నీ ఇప్పుడు మా ఇంటి వినాయకుని ముందు ఉన్నాయి. పురుగుమందుకు బొట్టు! ఇట్లాంటి మూఢత్వం ఉన్నంతకాలం కంపెనీలు మనల్ని దోచుకోక ఏం చేస్తాయి?

మనీష్


ఓడ మీద,
30 ఆగస్టు.

మనీష్‌కు,

నీ 25వ తారీఖు ఉత్తరం ఓడ కదిలినంక అందింది. నేను అంతకుముందే ఒకటి రాసి పంపిన, అది నీకు జవాబు కాదు. ఆ తర్వాత నువ్వు ఏమన్న రాస్తే నాకు రాలేదు. ఉత్తరాన ఎనభై డిగ్రీలు దాటినంక సిగ్నల్ రోజుల తరబడి ఉండదంటున్నరు.

“గంగాదాస్ గారు” అని రాసినవ్. మూడేండ్లప్పుడు నా మెడ మీద కూర్చొని జాతర చూసినోనివి. తిడితే తిట్టు, మామా అని తిట్టు.

ఆగస్టుల మస్తు వానలు పడ్డయ్. నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళుతది, ఇది నేను నీకు చెప్పాల్నా? మందు పోసినా కుళ్ళిన చేలు నేను చూసిన, మందు పొయ్యకున్నా బతికిన చేలు చూసిన. ఆగమాగం కాకు. భోజన్నకు కాలువ తీసి నీళ్ళు వెళ్ళగొట్టుమను. ఒక్కటి మాత్రం విను. మిగిలిన రెండు పెట్టెలను ఎవ్వరినీ ముట్టనియ్యకు. కంపెనీ వాళ్ళు వచ్చినా సరే, తాళం ఇయ్యకు. నేను వచ్చేదాక అవి షాపులనే ఉండాలె.

ఇక్కడ ఒక తమాష అయింది. దీవి మీద దిగేముందు బట్టలు, సంచులు, బూట్లు అన్నీ మిషన్‌తోని గుంజి శుభ్రం చేస్తరు. బయటి గింజ గాని మట్టి గాని అక్కడ పడొద్దట. పడితే కొత్త గడ్డి మొలుస్తదట, కొత్త రోగం వస్తదట. మనుషులే లేని రాళ్ళ దీవికి అంత కాపలా. నేను షాపు చేతిసంచి తెచ్చుకున్న కదా. దాని కుట్లల్లకెళ్ళి తెల్ల పొడి వచ్చింది. జూన్‌ల మన షాపుల రాలిన మందు అది. మిషన్ పట్టుకున్న గైడు పిల్ల ఇదేంది అని అడిగింది. మందు అని చెప్తే ఏం మందు, దేనికి, ఎంత ఘాటు అని పది ప్రశ్నలడిగింది. సంచిని కవర్ల వేసి, మీద నా పేరు రాసి, దాచిపెట్టుకున్నది. వట్టి చేతులతోని దిగిన. మిగిలినోళ్ళు నవ్విండ్రు.

కొవ్వు పట్టిన, పొడుగు కోరలున్న సముద్రపు జంతువులను, వాల్రస్‌లను చూసిన. యార్డుల వేసిన బస్తాల తీరు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నయ్. ఆ వాసన అక్కకు చెప్పకు.

మామ,
గంగాదాస్


ఆర్మూర్,
1 సెప్టెంబర్.

మామా,

30వ తారీఖు ఉత్తరం ఈ పొద్దు అందింది. మన ఉత్తరాలు ఒకదాన్నొకటి దాటుకుని పోయినయని ఇప్పుడు అర్థమైంది. తాళం ఇయ్యకు అని నువ్వు రాసేసరికి తాళమేంది, పెట్టెలే పోయి మూడు రోజులైంది. మోసింది నేనే.

మొన్న శనివారం వ్యవసాయ అధికారి మేడం దగ్గరికి పోయినం. భోజన్న, నేను, ఇంకో నలుగురం. ఆమె మంచిగనే మాట్లాడింది. “సీల్ తియ్యని పాకిట్ తెండ్రి. దాని మీద బ్యాచ్ నంబర్ ఉండాలె. అట్లైతే ల్యాబుకు పంపుత. వట్టి మాటల మీద ఏ కంపెనీని ఏం అడుగుత చెప్పుండ్రి?” అన్నది. రైతుల దగ్గర సీల్ ఉన్న పాకిట్ ఎందుకుంటుంది? ముంచిన రోజే చింపిండ్రు, ఖాళీ కవర్లు ఒడ్డు మీద కాల్చిండ్రు. మేడం మా ముందరనే కంపెనీకి ఫోన్ చేసింది. జూన్ నెలల ఆ సరుకు ఆర్మూర్‌కు రానే లేదని వాళ్ళన్నరు.

రానే లేదు! నా భుజం మీద ఇంకా ఆ పెట్టె అట్ట గీసుకున్న గీత ఉంది.

బయటకు వచ్చినంక వేల్పూర్ ఆయన ఒకడు అందరి ముందర అడిగిండు: “సరుకు నువ్వే లోడ్ చేసి పంపినవంట గద తమ్మీ. మామ ఓడల, అల్లుడు ఆటోల. మంచిగ సర్దుకున్నరు.” నేను చెప్పులేసుకున్న. భోజన్న నా వైపు ఒక్కసారి చూసి ఇంటి దారి పట్టిండు. ఆయన ఏమన్న అంటే బాగుండు.

అప్పటినుంచి ఎవరూ నాతో కలుస్తలేరు. కరపత్రాలు పంచడానికి వస్తమన్న దోస్తులు ఫోన్ ఎత్తుతలేరు. చాయ్ హోటల్‌కు పోతే మాటలు ఆగిపోతున్నయ్. నేను చదివిన పుస్తకాలల్ల ప్రజలు ఎప్పుడూ కలిసే ఉంటరు, వాళ్ళ ముందర నడిచేవాడు ఒంటరిగా ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. అమ్మ అన్నం పెడుతది, పక్కకు పోతది. “తమ్మునికి తిట్లు రాసిన చేతికి ఏం పెట్టాలె” అని వినాయకునితోని అంటది, నాతోని కాదు.

ఇక నీ మాటకు వస్త. వాన అన్నవ్. గంగన్న చేను మీద వాన పడలేదా? పెట్టెలు ముట్టనియ్యకు అని ఎందుకు రాసినవ్? అందులో ఏముందో నీకు తెలిస్తేనే కదా అట్ల రాస్తవ్? తెలిసి అమ్మినవా? ఒక్క మాట రాయి. ఔనంటే ఔనని, కాదంటే కాదని. నేను నిన్ను ఎక్కువ తిట్టింది తెలియకముందే. తెలిసినంక ఏం జేస్తనో నాకే తెల్వదు.

మనీష్


ఏడు దీవుల దగ్గర, ఓడ మీద,
3 సెప్టెంబర్.

చిరంజీవి మనీష్‌కు,

నీ రెండు ఉత్తరాలు ఒక్కసారే దిగినయ్. మెట్ల మీద నిలబడి చదివిన. ఔను.

తెలిసి అంటే ఇట్ల. జూన్‌ల చివరి ఆరు పెట్టెలు దిగినయ్. ఒకటి విప్పి చూస్తే పొడి తడి ఉప్పు తీరు గడ్డలు కట్టి ఉన్నది. ఆ మందుకు ముక్కు మండేటంత ఘాటుండాలె, దీనికి వాసనే లేదు. కంపెనీ ఆఫీసరుకు ఫోన్ చేసిన. “కొత్త ఫార్ములా అన్నా, వాసన తగ్గించినం” అన్నడు. ఇరవై రెండేండ్లు మందుల నడుమ బతికినోణ్ణి, ఆ మాట నమ్మేటంత పిచ్చోణ్ణి కాదు. నమ్మాలనుకున్న, నమ్మిన. ఈ ఓడ ఎక్కడానికి నాకు ఆరు పెట్టెలే తక్కువ పడ్డయ్.

ఓడ ఎందుకంటవా? మీ అత్తమ్మ పదహారేండ్లకు మా ఇంటికి వచ్చింది. ఎండకాలం మొదలుగాంగనే పసుపు ఉడకేసే పొయ్యిల కాడ నిలబడేది. ఆ ఆవిరికి ఆమె ముఖం ఎప్పుడు చూసినా ఎర్రగనే ఉండేది. ఒక ఏడు కంపెనీ క్యాలెండర్ మీద మంచు కొండ బొమ్మ వచ్చింది. ఏడాది అయిపోయినా దాన్ని పారెయ్యనియ్యలేదు. “ఒక్కసారి గీడికి తీస్కపో. పొయ్యి కాడ పుట్టిన అలుపు పోతది” అని నవ్వేది. తీసుకపోలేదు. ఆమె పోయినంక ఈ టూర్ ఫారం వచ్చింది. భార్య పేరు అని ఒక గడి ఉన్నది. ఖాళీ విడిచిపెట్టబుద్ధి కాలేదు, రాసిన. అందుకే రెండో జాకెట్ వచ్చింది, మనిషి రాలేదు. రెండో పడక మీద దుప్పటి ఎట్ల మడిచిండ్రో అట్లనే ఉన్నది. ఎవరిని తీసుకపోయినవ్ అని అడిగినవ్ కదా. తీసుకపోయిన అనుకున్న. ఇక్కడికి వచ్చినంక చూస్తే ఎవరూ లేరు.

మా వెంట టూరుకు వచ్చిన ఆ ఆఫీసరు నిన్న నా గదికి వచ్చిండు. ఒక కాగితం ముందర పెట్టిండు. ఆ ఆరు పెట్టెల బ్యాచ్ నంబర్ వేసి, ఆ సరుకు నా షాపుకు రాలేదని, నేను అమ్మలేదని రాసి ఉన్నది, సంతకమే తక్కువ. “సంతకం చేస్తే మీ లైసెన్స్ భద్రం. ఆలోచించుకో అన్నా, తొందరేం లేదు, ఓడ దిగి ఎక్కడికి పోతవ్?” అని నవ్విండు. మాట ఎట్ల పొక్కిందో, అన్నాల కాడ నా బల్ల దగ్గర రాజ్‌కోట్ ఆయన కూడా కూర్చుంటలేడు. మూడు కుర్చీలు ఖాళీ, నేను, తొక్కు సీసా.

ఈ పొద్దు ఒక దీవి మీద దింపిండ్రు. దాని అవతల ఇంక దీవి లేదట, మంచే. ఎలుగుబంట్లు వస్తయని నలుగురు తుపాకులు పట్టుకొని నాలుగు దిక్కుల నిలబడ్డరు. గైడు పిల్ల “ఐదు నిమిషాలు ఎవ్వరూ మాట్లాడొద్దు, ఉత్తగ వినుండ్రి” అన్నది. అందరూ విన్నరు. నీళ్ళల్ల మంచు పటపటమని చిట్లుతున్నది, వాళ్ళకు అదే వినపడ్డది. నాకు భోజన్న వినపడ్డడు. జూన్‌ల పాకిట్ చింపి ముక్కు దగ్గర పెట్టుకొని “దాసన్నా, గిది వాసనే లేదేందే?” అని అడిగిండు. “కొత్త ఫార్ములా” అన్న నేను. మనిషి లేని ఈ రాళ్ళ కోసం ఆ పిల్ల నా సంచి కుట్లు దువ్వి చూసింది. నలభై ఏండ్ల సంది నన్ను అన్నా అని పిలిచిన మనిషి చేను కోసం నేను ఒక్క పాకిట్ ల్యాబుకు పంపలేదు.

ఇగ విను. సీల్ తియ్యని పాకిట్ ఒకటి ఉన్నది. ఆ ఆరు పెట్టెల్లకెళ్ళి మొదటి పాకిట్ తీసి, బొట్టు పెట్టి, దేవుని అరలో పెట్టిన. అలవాటు కొద్ది చేతులు చేసిన పని అది. నువ్వు నవ్వినవ్ కదా, ఆ పాకిట్లల్ల అది ఉన్నది. తెల్ల కవరు, ఆకుపచ్చ గీత. బ్యాచ్ నంబర్ మీదనే బొట్టు పడ్డట్టు యాది. తుడవకు. అట్లనే ఉంచు. అక్కను అడుగు. శనివారం నిమజ్జనం కదా, తొందరగ అడుగు. ఆమె ఒక్కోసారి కష్టం వచ్చినప్పుడు దేవుని ముందట ఉన్నదంత నీళ్ళల్ల కలుపుతనని మొక్కుకుంటది. మా నాయిన జబ్బు పడ్డప్పుడు ఆయన పొగాకు డబ్బ సుత కలిపింది.

సంతకం పెట్టలేదు. ఆ కాగితాన్ని మడిచి శోభ జాకెట్ జేబుల పెట్టిన. వెంట తెస్తున్న.

షట్టర్ మీద నా పేరు రాసినవ్ కదా. చింపకు. మంగళవారం తెల్లారి నాలుగింటికి పట్నంల విమానం దిగుత. ఇంటికి పోను, సీదా యార్డుకే వస్త. ఈ ఉత్తరం సిగ్నల్ దొరికినప్పుడు పోతది. దేవుడా, శనివారం లోపల దొరకాలె.

మామ


ఆర్మూర్,
6 సెప్టెంబర్, శనివారం.

మామా,

నీ ఉత్తరం ఈ పొద్దు మధ్యాహ్నం రెండింటికి దిగింది. అప్పటికి మన వాడ వినాయకుళ్ళన్నీ ట్రాక్టర్ ఎక్కినయ్. డప్పుల మోతకు నాకు నా మాటే వినపడలేదు. మన ఇంటి బొజ్జ వినాయకుడు ట్రాలీ మీద ముందట, అమ్మ ఆయన పక్కన, ఆమె ఒడిలో ఎర్రగుడ్డ మూట. చూడంగనే అర్థమైంది.

నేను ట్రాలీ ఎక్కి “అమ్మా, గా మూట ఇటియ్యి” అన్న.

“ఎందుకు? నీకు దేవుడు లేడు గద” అన్నది. పది రోజులకు నాతోని మాట్లాడిన మొదటి మాట అది.

“అందుల మామ పాకిట్ ఉంది, గది కావాలె.”

“గీ మందులతోనే నా తమ్మునికి గీ గతి వట్టింది. నీళ్ళల్ల కలిపేస్తనని మొక్కుకున్న. ఇయ్య.”

నీ ఉత్తరం ఆ డప్పుల నడుమ ఆమె చెవిలో పెట్టి చదివిన. అన్నీ చదవలేదు. “ఔను” అన్నది చదివిన. అత్తమ్మ పొయ్యి సంగతి చదివిన. ఆమె చాలాసేపు మూటను గట్టిగ పట్టుకొనే ఉన్నది. తర్వాత “దేవునికి ఇస్తనన్నది ఉత్తగ ఎట్ల దీస్కుంటవ్రా? మొక్కి తీస్కో” అన్నది.

మొక్కిన మామా. ట్రాక్టర్ మీద, ఊరంతా చూస్తుండంగ, చేతులు జోడించిన. అమ్మ చెవులు పట్టించి మూడు గుంజీలు కూడా తీయించింది. గంగన్న సీటీ కొట్టిండు. సాక్ష్యం కోసం మొక్కిన, ఇంకో అర్థం తియ్యకు.

మూటలో ఏడు పాకిట్లున్నయ్. మనది దొరికింది. తెల్ల కవరు, ఆకుపచ్చ గీత, సీల్ చెదరలేదు. బొట్టు ఎండి సగం రాలింది, కింద బ్యాచ్ నంబర్ ఒక్కొక్క అంకె చదివిన. చిన్నప్పుడు నువ్వు చదివించినట్టే, వేలు పెట్టి. పాకిట్ ఒత్తితే గడ్డలు చేతికి తగులుతున్నయ్.

సాయంత్రమే మేడం ఇంటికి పోయిన. ఆమె ముట్టుకోలేదు. “నువ్వు తెస్తే చెల్లదు తమ్మీ. ఎక్కడి నుంచి తెచ్చినవని కంపెనీ అడుగుతది. అమ్మిన మనిషి తన చేత్తోని ఇయ్యాలె, రైతుల ముందర పంచనామా రాయాలె. ఆయన లైసెన్స్ పోతది, కేసు కూడా కావచ్చు. వస్తడా?” అని అడిగింది. వస్తడు అన్న. ఆ మాట అనేటప్పుడు నాకు భయమైంది, నిజం చెప్తున్న. నీ ఉత్తరం జేబులో ఉంది గని, నువ్వు ఇంకా ఆ మంచు మీదనే ఉన్నవ్.

అక్కడినుంచి భోజన్న ఇంటికి పోయి అంతా చెప్పిన. వాసన లేదేందని ఆయన అడిగింది నీకు యాది ఉన్నదని కూడా చెప్పిన. ఆయన “గా మాట నా ముందర నిలవడి అనమను” అన్నడు. మంగళవారం వస్తనన్నడు.

పాకిట్ ఇప్పుడు షాపుల దేవుని అరలో, అత్తమ్మ ఫోటో ముందర ఉన్నది. తాళం నా మెడలో ఉన్నది. ఈసారి ఎవ్వరికీ ఇయ్య.

కరపత్రం మళ్ళ అచ్చుకు ఇచ్చిన. నీ పేరు తియ్యలేదు, తియ్యొద్దన్నవ్ కాబట్టి. నా పేరు కలిపిన. ఇంకొక్క మార్పు చేసిన. పది గంటలు కొట్టేసిన. “పొద్దెక్కినంక రైతులు ఎవరొస్తరు తమ్మీ?” అని ప్రెస్ ఆయన అడిగిండు. పట్నంల జూబ్లీ బస్టాండ్‌ల ఆరింటికి ఎక్కిన బస్సు ఆర్మూర్‌ల పదిన్నరకు గని దింపదు మామా, అది ఆయనకు ఎందుకు చెప్పాలె?

అమ్మ బస్టాండ్‌ల ఉంటది, అన్నం డబ్బ పట్టుకొని. జాకెట్లు రెండూ తే. కింద కరపత్రం రాసి పంపుతున్న, అచ్చుతప్పులుంటే బస్సులో చూడు.

నీ అల్లుడు,
మనీష్

“పసుపు రైతులారా! చెడ్డ మందు అమ్మి మనల్ని ముంచినవాడు గంగాదాస్. మిగిలిన సరుకును కంపెనీ ఆటోకు ఎక్కించి సాక్ష్యాన్ని పోగొట్టినవాడు ఆయన మేనల్లుడు మనీష్. అమ్మించి, ఇప్పుడు ఆ సరుకు రానే లేదంటున్నది కంపెనీ. సీల్ చెదరని ఒక్క పాకిట్ మిగిలింది. దాన్ని గంగాదాస్ తన చేత్తోనే మీ అందరి ముందర అధికారికి అప్పగిస్తాడు. మీరు అడగాల్సింది ఆయన ముఖం మీదనే అడగండి. కుళ్ళిన దుంప ఒక్కొక్కటి చేతపట్టుకుని రండి. సెప్టెంబర్ 9, మంగళవారం. ఆర్మూర్ మార్కెట్ యార్డు పెద్ద గేటు ముందర. పొద్దున సరిగ్గా పదకొండు గంటలకు.”